1 తిమోతి 2:12 ప్రకారం స్త్రీ సంఘంలో వాక్యం చెప్పకూడదా?

సిస్టర్, మీ ప్రశ్న పెద్దగా ఉంది కాబట్టి అందరి కోసం క్లుప్తంగా చెబుతున్నాను. మీరు రెండేళ్ళు బైబిల్ కాలేజీలో చదువుకున్నారు. యూత్ కూడికలో అపొస్తలుల కార్యముల మీద వరుసగా పాఠాలు చెప్పమని పాస్టర్ గారు అడిగారు. మూడో వారం ఒక పెద్దాయన మధ్యలో లేచి 1 తిమోతి 2:12 గట్టిగా చదివి, మగపిల్లలు కూర్చున్న చోట ఆడపిల్ల బోధించడం వాక్యానికి విరుద్ధం అన్నారు. ఆ రాత్రి నుంచి "నేను దేవునికి విరోధంగా నడుస్తున్నానా?" అని మీకు టెన్షన్.

సూటిగా చెబుతాను. మీరు చేస్తున్నది తప్పు కాదు. ఆ వచనం బైబిల్లో ఉంది, దాన్ని చెరిపేయలేం, "అది పాతకాలం మాట" అని దులిపేసుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. కానీ ఏ కాలంలోనూ ఏ సంఘంలోనూ ఏ స్త్రీ అయినా ఏ పురుషుడికీ వాక్యం చెప్పకూడదని, తిమోతికి ఆ ఉత్తరం రాసిన అపొస్తలుడు పౌలు శాసనం వేశాడని ఆ వచనం నుంచి రుజువు చేయలేం. నేను ఇరవై ఆరేళ్ళుగా బైబిల్ పాఠాలు చెబుతున్నాను, మొదట స్త్రీల కూడికల్లో, తర్వాత అందరికీ. మీ ముందు చదివిన వచనమే నా ముందు కనీసం పాతికసార్లు చదివి ఉంటారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మన తెలుగు బైబిల్లోనే ఉన్న ఒక చిక్కు చూద్దాం. "స్త్రీలు మౌనముగా ఉండి, సంపూర్ణ విధేయతతో నేర్చుకొనవలెను" అని 11వ వచనం. "స్త్రీ మౌనముగా ఉండవలసినదేగాని, ఉపదేశించుటకైనను, పురుషునిమీద అధికారము చేయుటకైనను ఆమెకు సెలవియ్యను" అని 12. ఇక్కడ "మౌనము" అని ఉన్నచోట గ్రీకులో ఉన్నది "హెసుఖియా" అనే మాట. ఇదే మాటను పౌలు 2 థెస్సలొనీకయులకు 3:12లో వాడాడు. పని మానేసి ఊరంతా తిరిగేవాళ్ళకు బుద్ధి చెబుతున్నాడక్కడ. మన తెలుగులో అక్కడ ఎలా ఉంది? "నెమ్మదిగా పని చేయుచు" అని ఉంది. నోరు మూసుకుని పని చేయండి అని కాదు కదా! ఇంకా దగ్గరకు రండి. అదే 1 తిమోతి 2వ అధ్యాయం రెండో వచనంలో, విశ్వాసులంతా నెమ్మదిగా, సుఖంగా బ్రతకాలన్న చోట కూడా ఇదే కుటుంబానికి చెందిన మాట ఉంది. అంటే పది వచనాల తేడాలో ఒకే మాట సంఘమంతటికీ వచ్చినప్పుడు నెమ్మది అయింది, స్త్రీల దగ్గరకు వచ్చేసరికి మౌనం అయింది. అనువాదకులను తిట్టడం లేదు, ఆ అర్థం కూడా ఆ మాటకు ఉంది. కానీ పెద్దాయన చదివిన వచనంలో "మౌనము" బదులు "నెమ్మది" పెట్టి ఒకసారి చదవండి. చెవికి వేరేగా వినిపిస్తుంది.

"అధికారము చేయుట" దగ్గరా ఇలాంటిదే. అక్కడి గ్రీకు మాట "ఔథెంతెయిన్". కొత్త నిబంధన మొత్తంలో ఇది ఒక్కసారే, ఇక్కడే వస్తుంది. పౌలు మామూలుగా అధికారం గురించి రాసేటప్పుడు వాడే మాట వేరు. 1 కొరింథీయులకు 7:4లో భర్త దేహం మీద భార్యకు అధికారం ఉందని రాశాడు చూడండి, అక్కడ ఆ మామూలు మాటే వాడాడు. మరి తిమోతికి రాసేటప్పుడు ఎక్కడా వాడని మాట ఎందుకు తెచ్చాడు? దాని అర్థం మీద పండితులు ఇప్పటికీ పోట్లాడుకుంటున్నారు. ఉత్త "అధికారం చేయడం" అని కొందరు, "పెత్తనం చలాయించడం" అని కొందరు. పాత లాటిన్ బైబిల్లో రెండో అర్థానికి దగ్గరగా, ఏలుబడి చేయడమన్న మాట వాడారు. నాకు రెండోదే సరిగా తోస్తుంది. కానీ ఒక్కసారే వచ్చిన మాట మీద ఎవరైనా "ఇదే దీని అర్థం, ఇక మాట్లాడొద్దు" అంటే నమ్మకండి. నేనన్నా నమ్మకండి.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఈ ఉత్తరం ఏ ఊరికి వచ్చింది? 1:3లోనే ఉంది, తిమోతి ఎఫెసులో ఉన్నాడు. అక్కడ కొందరు "భిన్నమైన బోధ" చేస్తున్నారు, వాళ్ళను ఆపమని పౌలు అతణ్ణి అక్కడ ఉంచాడు. ఉత్తరం అసలు గొడవ అది. 5:13లో ఇంటింటా తిరిగే స్త్రీల సంగతి, రెండో ఉత్తరం 3:6లో ఇళ్ళల్లో చొరబడి స్త్రీలను వలలో వేసుకునే దొంగ బోధకుల సంగతి కలిపి చూడండి. మన 1 తిమోతి 2లోనే 8వ వచనంలో మగవాళ్ళకు కోపం, సంశయం లేకుండా చేతులెత్తి ప్రార్థించమని చెప్పాడు. అంటే మగవాళ్ళు కూడికలో తగువులు పడుతున్నారన్న మాట. నాకు కనబడేది, ఊపిరాడకుండా గందరగోళంలో ఉన్న ఒక సంఘం.

అదే ఎఫెసులో అంతకు ముందు ఏం జరిగిందో మీకు తెలుసు, మీరు చెబుతున్న అపొస్తలుల కార్యముల్లోదే, 18:24-28. అపొల్లో అలెక్సంద్రియ వాడు, విద్వాంసుడు, లేఖనాల్లో ప్రవీణుడు. కానీ యోహాను బాప్తిస్మం వరకే తెలుసు. సమాజమందిరంలో ఆయన మాటలు విని, ఇంటికి చేర్చుకుని, దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరచింది ఎవరు? ప్రిస్కిల్ల, అకుల. ఈ దంపతుల పేర్లు కొత్త నిబంధనలో ఆరుచోట్ల కలిసి వస్తాయి, అందులో నాలుగుచోట్ల భార్య పేరే ముందు. ఆ రోజుల్లో భర్త పేరు ముందు రాయడమే మామూలు. ఇంకో సంగతి: తిమోతికి రాసిన రెండో ఉత్తరం చివర 4:19లో "ప్రిస్కకును అకులకును" వందనాలు చెప్పమంటాడు పౌలు, మళ్ళీ ఆమె పేరే ముందు. తిమోతికి వీళ్ళు బాగా తెలిసినవాళ్ళే. "స్త్రీ ఉపదేశించకూడదు" అన్న మాట అందుకున్న మనిషికి, ఒక బోధకుడికే బోధించిన స్త్రీ ఎదురుగా ఉందన్న మాట!

ఇక్కడ అవతలివాళ్ళు ఒక మాట అంటారు, అది న్యాయమైనదే: ప్రిస్కిల్ల ఇంట్లో, భర్తతో కలిసి చెప్పింది, సంఘం ఎదుట కాదు. నిజమే. అయితే వాళ్ళ ఇంట్లోనే సంఘం కూడేదని 1 కొరింథీయులకు 16:19లో, రోమీయులకు 16:5లో ఉంది. ఆ కాలంలో ఇల్లు, సంఘం అన్న గీత మనం గీసుకున్నంత గట్టిగా లేదు.

మీ పెద్దాయన తర్వాత 1 కొరింథీయులకు 14:34 తీస్తారు, అది కూడా సిద్ధం చేసుకోండి. "స్త్రీలు సంఘములలో మౌనముగా ఉండవలెను." ఇక్కడి గ్రీకు మాట వేరు, ఇది నిజంగానే నోరు మూసుకోవడం. కానీ అధ్యాయాన్ని 26 నుంచి చదివించండి. ఆ మాట మూడుసార్లు వస్తుంది. భాషల్లో మాట్లాడేవాడు, అర్థం చెప్పేవాడు లేకపోతే మౌనంగా ఉండాలి (28). ఒకడు ప్రవచిస్తుండగా ఇంకొకడికి బయలుపడితే మొదటివాడు మౌనంగా ఉండాలి (30). ఆ తర్వాత స్త్రీలు (34). మొదటి ఇద్దరినీ జీవితాంతం మాట్లాడొద్దని ఎవరూ అనరు. మూడోదాన్ని మాత్రం గోడకు మేకు కొట్టి తగిలించారు. పైగా ఇంకో మూడు అధ్యాయాల ముందు, 11:5లో, స్త్రీ ప్రార్థన చేసేటప్పుడు, ప్రవచించేటప్పుడు తలమీద ముసుకు వేసుకోవాలంటాడు. నోరే తెరవకూడని మనిషికి నోరు తెరిచేటప్పుడు ముసుకు వేసుకోమని ఎవరైనా చెబుతారా? కాబట్టి 14లో ఆపిన మాట ఏదో ప్రత్యేకమైనది. 35లో "ఇంట తమ తమ భర్తలనడుగవలెను" అని ఉంది కనుక, కూడిక జరుగుతుండగా ప్రశ్నలు వేసి క్రమం చెడగొట్టడం అని నా అభిప్రాయం. ఈ రెండు వచనాలు కొన్ని పాత చేతిరాత ప్రతుల్లో 40వ వచనం తర్వాత ఉన్నాయి, అందుకని ఇవి పౌలు రాసినవే కావని కొందరు పండితులు అంటారు. నేనంత దూరం పోను. చోటు మారినా, ప్రతుల్లో ఆ మాటలు ఉన్నాయి.

ఇక జడల సంగతి. ఇది చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ నవ్వొస్తుంది. 1 తిమోతి 2:12కి మూడు వచనాల ముందు, స్త్రీలు "జడలతోనైనను బంగారముతోనైనను ముత్యములతోనైనను మిగుల వెలగల వస్త్రములతోనైనను" అలంకరించుకోకూడదని ఉంది. ఒక ఊళ్ళో కూడికకు పిలిచారు నన్ను. అక్కడ ఒక సంఘపెద్ద 12వ వచనం చదివి నా పాఠాన్ని ఆపబోయారు. ఆయన భార్య ముందు వరసలోనే కూర్చుంది, కొత్త పట్టుచీర, మెడలో నాలుగు వరసల గొలుసు, నడుము దాకా జడ, జడలో మల్లెపూలు. నేను ఏమీ అనలేదు. "అయ్యగారూ, 9 నుంచి చదవండి" అన్నాను అంతే. ఆయన చదవడం మొదలుపెట్టి "జడలతోనైనను" దగ్గర ఆగిపోయారు. ఆవిడ చేయి తనకు తెలియకుండానే వెనక్కి, జడ మీదకు పోయింది. ఆ జడ పాపం కాదని మనందరికీ తెలుసు. ఆ కాలంలో జడల్లో బంగారం అల్లుకుని డబ్బున్నవాళ్ళు చేసే ఆర్భాటం గురించి పౌలు అన్నాడని ఏ పాస్టర్ గారైనా వివరిస్తారు. 9వ వచనానికి కాలం, సందర్భం చూసి, 12కి చూడకపోవడమే నాకు నచ్చనిది. నగలు తీసేసి, పూలు మాని, 12ని కూడా పాటించే సంఘాలు మన దగ్గర ఉన్నాయి. వాళ్ళతో నేను ఏకీభవించను గానీ వాళ్ళ వరుస వాళ్ళకుంది, గౌరవిస్తాను.

ఇప్పుడు అవతలి పక్షం బలం చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టే. వాళ్ళ గట్టి వాదన 12 కాదు, 13. "మొదట ఆదామును తరువాత హవ్వయును నిర్మింపబడిరి కారా?" అని పౌలు సృష్టి దగ్గరకు వెళ్ళాడు. ఎఫెసు గొడవే కారణమైతే ఎఫెసు గురించి చెప్పాలి గానీ ఆదాము హవ్వల్ని ఎందుకు తెచ్చాడు అంటారు. ఇది తేలికగా తీసిపారేసే ప్రశ్న కాదు. నేను చెప్పే జవాబు ఇది. ముసుకు గురించి రాసేటప్పుడు కూడా పౌలు సృష్టి క్రమాన్నే చూపించాడు (1 కొరింథీ 11:8-9). వెంటనే 11, 12 వచనాల్లో పురుషుడు కూడా స్త్రీ వల్లనే పుడుతున్నాడని సర్దాడు. హవ్వ మోసపోయిన సంగతిని 2 కొరింథీ 11:3లో స్త్రీలకు కాదు, మగవాళ్ళతో సహా సంఘమంతటికీ హెచ్చరికగా వాడాడు. రోమా 5లో పాపం ఆదాము లెక్కలో రాశాడు. అంటే ఆదికాండాన్ని పౌలు ఎదురుగా ఉన్న సంఘానికి ఏది అవసరమో దానికి తగ్గట్టు ఎత్తి చూపిస్తాడు. నేర్చుకోకుండా బోధించబోతే హవ్వలా మోసపోతారు, ముందు నేర్చుకోండి అన్నదే ఇక్కడ సంగతి అని నేను చదువుతాను. 11వ వచనంలో "నేర్చుకొనవలెను" అన్నది ఆజ్ఞ, అది మనం గమనించం. ఈ జవాబుతో అందరూ తృప్తి పడరు. నాకు తెలిసిన నిజాయితీపరులైన సేవకులు కొందరు 13వ వచనం దగ్గర ఆగిపోయారు. వాళ్ళను స్త్రీ ద్వేషులు అనకండి.

15వ వచనం, శిశుప్రసూతి ద్వారా రక్షింపబడుతుందన్నది, నన్ను అడగకండి. అర్థాలు అయిదారు చదివాను, ఏదీ పూర్తిగా కుదరలేదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మొదట్లో నేను "ఎఫెసులో అర్తెమిదేవి గుడి మొత్తం ఆడవాళ్ళ పెత్తనం, అందుకే పౌలు అలా రాశాడు" అని ధీమాగా చెప్పేదాన్ని. వినడానికి బాగుంటుంది, జనం తలలూపుతారు. ఒకసారి క్లాసులో డిగ్రీ చదివే అబ్బాయి లేచి, "మేడం, కార్యములు 19లో ఆ గుడి కోసం అల్లరి చేసింది వెండి పనివాడు దేమేత్రి, ఆపింది కరణం, పౌలును వెళ్ళొద్దన్నది ఆసియ అధికారులు. అందరూ మగవాళ్ళే కదా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. తర్వాత చదివితే తెలిసింది, ఆ గుడిలో పూజారిణులు ఉన్నమాట నిజమే గానీ ఊరంతా ఆడవాళ్ళ ఏలుబడి అన్నదానికి ఆధారం గట్టిది కాదు. యూట్యూబ్‌లో ఇప్పటికీ ఈ మాట తిరుగుతోంది. మీరు వాడకండి. మన పక్షానికి అనుకూలమైనదని బలహీనమైన వాదన మోస్తే, అది విరిగినప్పుడు మిగతావి కూడా కింద పడతాయి.

పౌలు పేరు పెట్టి మెచ్చుకున్న స్త్రీల పట్టికను మాత్రం ధైర్యంగా చూపించండి. రోమా 16 చాలు. కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే. ఫిలిప్పీయులకు 1:1లో అధ్యక్షుల పక్కన "పరిచారకులు" అని రాసినప్పుడు వాడిన మాటే అది. ఇక ఏడో వచనంలో యూనీయ, "అపొస్తలులలో ప్రసిద్ధికెక్కినవారై" అన్న ఇద్దరిలో ఒకరు. తెలుగులో పేరు చూస్తే ఆడో మగో తెలియదు, చాలామంది మగవాడనుకుని దాటేస్తారు. 4వ శతాబ్దపు సంఘ బోధకుడు క్రిసోస్తొమ్ గ్రీకు మాతృభాషగా ఉన్నవాడు, స్త్రీల విషయంలో అంత ఉదారుడేమీ కాదు, ఆయనే ఈమెను స్త్రీగా గుర్తించి అపొస్తలురాలన్న పేరుకు తగినదని మెచ్చుకున్నాడు. "అపొస్తలులలో ప్రసిద్ధి" అంటే "అపొస్తలులకు బాగా తెలిసినవారు" అని కొందరు తిప్పుతారు, ఆ వాదన ఉందని తెలుసుకోండి.

ఒక తేడా గుర్తుంచుకోండి. వాక్యం చెప్పడం వేరు, సంఘాధ్యక్ష పదవి వేరు. 1 తిమోతి 3:2లో "ఏకపత్నీపురుషుడు" అన్నది అధ్యక్షుడి గురించి. ఆ పదవి స్త్రీకి ఇవ్వొచ్చా అన్న చోట సంఘాలు విడిపోయాయి. సీ.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో స్త్రీలకు గురు అభిషేకం ఉంది, మన నంద్యాల డయాసిస్‌కే 2013లో ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సీ.ఎస్.ఐ. మొత్తంలో మొదటి స్త్రీ బిషప్ ఆవిడే. రోమన్ కతోలిక సంఘంలో గురువులు మగవాళ్ళే, కానీ సిస్టర్లు ఉపదేశం చెబుతారు. బ్రదరన్ కూడికల్లో స్త్రీలు ముసుకు వేసుకుని ఆరాధనలో నిశ్శబ్దంగా ఉంటారు. స్వతంత్ర పెంతెకొస్తు సంఘాల్లో పాస్టర్ గారు ఊళ్ళో లేకపోతే పాస్టరమ్మగారే ఆదివారం వాక్యం చెప్పేస్తారు, ఎవరూ అడ్డం చెప్పరు. మీ విషయం అధ్యక్ష పదవి కాదు. పాస్టర్ గారు అడిగారు, ఆయన పర్యవేక్షణలో మీరు యూత్‌కు పాఠం చెబుతున్నారు. కఠినంగా చదివేవాళ్ళలో కూడా కొందరు దీనికి ఒప్పుకుంటారు.

ఈ నిషేధం అమలులో ఎంత వింతగా ఉంటుందో నా అనుభవం ఒకటి. ఒక పట్టణంలో కన్వెన్షన్‌కు పిలిచారు. వెళ్ళాక, స్త్రీలు పుల్పిట్ ఎక్కరాదని మా నియమం, కింద నిలబడి "సాక్ష్యం" చెప్పండి అన్నారు. ఒక కుర్రాడు మైక్ స్టాండ్ ఎత్తుకొచ్చి మూడు మెట్ల కింద పెట్టాడు. అదే మైక్, అవే నలభై నిమిషాలు, ఎఫెసీ రెండో అధ్యాయం వచనం వచనంగా చెప్పాను. చివర పెద్దలు వచ్చి "సాక్ష్యం చాలా లోతుగా ఉందమ్మా" అన్నారు. అప్పుడు బాధపడ్డాను. ఇప్పుడైతే ఆ మూడు మెట్ల గురించి ఆలోచించను, కింద నుంచైనా చెబుతాను.

మా నాయనమ్మ బైబిల్ ఉమెన్‌గా, అంటే ఊళ్ళో ఆడవాళ్ళకు వాక్యం నేర్పే పరిచారికగా పని చేసింది. చేతిలో నల్ల గొడుగు, చంకలో గుడ్డసంచీ, సంచీలో బైబిలు, కీర్తనల పుస్తకం. నాట్లేసి వచ్చిన ఆడవాళ్ళకు సాయంత్రం అరుగు మీద పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన నేర్పేది. మగవాళ్ళు చుట్ట వెనక దాచుకుని అరుగు చివర కూర్చుని వినేవాళ్ళట. వాళ్ళలో ఇద్దరు తర్వాత సంఘపెద్దలయ్యారు. ఆదివారం నాయనమ్మ చాప మీద ఆడవాళ్ళ వైపు కూర్చుంటే, ముందు నిలబడి "స్త్రీలు సంఘములలో మౌనముగా ఉండవలెను" అని చదివినవాళ్ళు ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళే. ఆవిడకు ఇందులో కోపం ఉండేది కాదు. నాకుంది.

మీరు చేయవలసింది చెబుతాను. ఆ పెద్దాయనతో యూత్ ముందు వాదించొద్దు. ముందు పాస్టర్ గారితో కూర్చుని మీ సంఘం నియమం ఏమిటో తేల్చుకోండి. ఆయన, పెద్దలు కలిసి ఆపమంటే ఆపండి, కానీ అది దేవుడు మీ నోరు మూశాడని కాదు, ఆ సంఘం నియమం అంతే. కొనసాగించమంటే నెమ్మదిగా కొనసాగించండి. పెద్దాయన ఇంటికి ఒకసారి వెళ్ళండి, టీ తాగండి, 2 తిమోతి 2:2 చదివించండి. విన్న సంగతుల్ని బోధించగలిగిన నమ్మకమైన "మనుష్యులకు" అప్పగించమన్నాడు. అక్కడ గ్రీకులో ఉన్నది మగవాళ్ళు అన్న మాట కాదు, మన తెలుగువాళ్ళు సరిగానే అనువదించారు. ఆయన ఒప్పుకోకపోవచ్చు. అయినా వెళ్ళండి.

మీ పాఠాలు మూడో అధ్యాయం దగ్గర ఆగాయన్నారు. వారానికొకటి చొప్పున సాగితే 18కి రావడానికి మూడు నెలలు దాటుతుంది, కంగారు లేదు. ఆ వారం పెద్దాయన్ని కూడా రమ్మనండి. 24 నుంచి 28 వరకు ఆయన్నే చదవమనండి. గొంతు పెద్దది కదా, అందరికీ వినబడుతుంది.